ఎండబెట్టిన దోనె

దోనె చీలిందన్న సంగతి లిడియమ్మగారితో చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. దాచే వీలు అంతకన్నా లేదు. ఇంటి వెనక గట్టుమీద, పొద్దెక్కిన ఎండలో, మొదలునుంచి చివరిదాకా నిలువునా నోరు తెరుచుకుని పడి ఉంది.

వియ్యంకుడు అహరోను దాని పక్కన గొంతుకూర్చుని చీలికలోకి వేళ్లు పోనిచ్చి చూస్తున్నాడు. అల్లుడు ఎజ్రా చేతులు కట్టుకుని ఆకాశం వంక చూస్తున్నాడు. వియ్యపురాలు కృపమ్మ పెరటి గుమ్మంలో నిలబడి, ఏమీ తినకపోయినా కొంగుతో మూతి తుడుచుకుంటోంది.

"ఏమిటండీ, అందరూ అలా నిలబడిపోయారు?" అంటూ లిడియమ్మ గొడుగు వేసుకుని గట్టెక్కింది.

"అబ్బే, ఏం లేదండి చెల్లెమ్మగారూ," అన్నాడు అహరోను గబుక్కున లేచి. "కాస్త బీట తీసిందండి. అంతే."

"కాస్తా?"

"కొంచెం ఎక్కువేనండి."

లిడియమ్మకు ఒళ్లు మండింది. ఈ గువ్వలంకలో అడుగుపెట్టిన నాటినుంచీ ఇదే వరస. ఒక్కమాట తిన్నగా చెప్పరు. ఇల్లంటుకుని మండిపోతున్నా "కాస్త పొగ వస్తున్నట్టుందండి" అనే రకం వీళ్లు. ఏలూరు బాలికల పాఠశాలలో అన్ని తరగతుల పిల్లలనూ ఒంటిచేత్తో గడగడలాడించిన పంతులమ్మకు ఈ మెత్తని మాటల మధ్య ఊపిరాడటంలేదు.

"చీలితే మేం వెళ్లడం ఎలాగండీ?"

"వెళ్లొచ్చు లెండి అత్తయ్యగారూ. చూద్దాం," అన్నాడు ఎజ్రా.

చూద్దామట! వచ్చినప్పటినుంచీ చూస్తూనే ఉన్నారు.

ఆవిడ వచ్చింది కూతురు నిర్మలను తొలికాన్పుకు తీసుకువెళ్లడానికి. ఏలూరు ఎంత దూరం? తెల్లవారి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. కానీ ఈ రోజుల్లో కొల్లేరు చిక్కిపోయి కొన్నిచోట్ల మోకాటిలోతు, కొన్నిచోట్ల ఒట్టి బురద. పెద్ద పడవలు రావు. తాటిమాను తొలిచి చేసిన దోనెలు రెండు పక్కపక్కన కట్టి, పైన బల్ల పరిస్తే, దానిమీద కూర్చుని రావాలి, పోవాలి. లిడియమ్మ వచ్చింది కూడా అలాగే. దారిపొడుగునా బల్ల అంచు పట్టుకుని, దేవుణ్ణి తప్ప ఇంకెవరినీ తలుచుకోలేదు.

ఇంకో వారం పోతే నిర్మలకు ఎనిమిదో నెల వస్తుంది. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్నదాన్ని పొలిమేర దాటించరు. ఆ విషయంలో హిందువులూ క్రైస్తవులూ ఇద్దరిదీ ఒకటే మాట. ఆ తర్వాత వానలు, వరద, తొమ్మిదో నెల. పురుడు ఈ నీళ్లమధ్యనే జరగాలన్నమాట, డాక్టరమ్మ లేకుండా, ఆస్పత్రి లేకుండా.

వచ్చిన మర్నాడే బయల్దేరుదామంది. "అలాగేనండి," అన్నారు అందరూ ముక్తకంఠంతో. కానీ గువ్వలంకకు ఒక మర్యాద ఉంది. లంకకు వచ్చిన చుట్టం చర్చి సంఘస్థుల ఇళ్లు అన్నింటిలోనూ భోంచేసి చెయ్యి కడగందే గట్టు దిగకూడదు. ఏ ఇల్లు వదిలినా ఆ ఇంటిని వెలివేసినట్టే. అందుకని పొద్దున ఒకరింట్లో, సాయంత్రం ఒకరింట్లో, లిడియమ్మ తింటూనే ఉంది. చేప పులుసు, చేప వేపుడు, చేప ఇగురు. ఎవరింటికి వెళ్లినా ముందు మజ్జిగ, తర్వాత కుశలప్రశ్నలు, తర్వాత ఏలూరులో ఇప్పుడు ఏ పాస్టరుగారు ఉన్నారన్న విచారణ. ఏలూరునుంచి చూస్తే ఇదీ మన జిల్లాయే. దగ్గరికి వచ్చి చూస్తే వేరే దొరతనం, వేరే చట్టం.

"దోనెని నీళ్లలోంచి తీయించింది నువ్వేనా అమ్మా?"

అడిగింది నిర్మల. నడుంమీద చెయ్యి వేసుకుని మెల్లగా గట్టు ఎక్కి వచ్చింది. కళ్ల కింద నీడలున్నాయి గాని, గొంతు మాత్రం తల్లి గొంతే.

"నేనే తీయించాను. గుంటలో మునిగిపోయి ఉంటే మీ మగాళ్లెవరికీ పట్టలేదు. దారినపోయే పైఊరి కూలీలను ఇద్దరిని పిలిచి గట్టెక్కించాను. కడుపుతో ఉన్నదానివి, తడిచెక్కమీద ఎలా కూర్చుంటావని నాలుగురోజులు ఎండనిచ్చాను. తప్పా?"

"అది మునిగిపోలేదమ్మా. వీళ్లే ముంచి ఉంచారు."

"ముంచడమేమిటే?"

"తాటిదోనెకి ఎండ తగిలితే బీటలు తీస్తుంది. పని లేనప్పుడు నీళ్లలో ముంచే ఉంచుతారు. ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు."

లిడియమ్మ ఒక్కక్షణం దోనె వంక, ఒక్కక్షణం కూతురి వంక చూసింది. మగవాళ్లిద్దరూ ఆ నాలుగురోజులూ నీళ్లు తీసిన కొల్లేటి గర్భంలో వేసిన చేను కోతకు పోయి, రాత్రి పొద్దుపోయాక గాని ఇల్లు చేరలేదు. వాళ్లకు తెలియకపోవడం సబబే. ఆవిడ చూపు గుమ్మంవైపు తిరిగింది.

"వదినగారూ, నేను తీయిస్తుంటే మీరు చూశారా?"

"చూశానండి," అంది కృపమ్మ.

"మరి చెప్పలేదేం?"

"చుట్టాలు ముచ్చటపడి చేయించుకుంటున్నారు గదా, వద్దంటే ఏం బావుంటుందండి?"

"పోనీ తర్వాతైనా?"

"తడిగడ్డి కప్పించానండి."

లిడియమ్మకు గుర్తుకొచ్చింది. దోనెమీద ఎవరో చెత్త పోసిపోయారని, చీపురు పట్టుకుని తనే శుభ్రంగా ఊడ్చేసింది.

"ఆ గడ్డి తీసేసింది నేనే!"

"అవునండి, చూశానండి. మళ్లీ కప్పించానండి."

"మళ్లీ తీసేశాను!"

"అవునండి."

ఎజ్రా అటు తిరిగాడు. నవ్వు ఆపుకోవడానికే తిరిగాడో, కోపం దాచుకోవడానికే తిరిగాడో లిడియమ్మకు తెలియలేదు. తెలియకపోవడంతో మరింత మండింది.

"తీయకండి అని ఒక్కమాట అంటే నోటిముత్యాలు రాలిపోతాయాండీ?"

"ఎండలో నిలబడకండి వదినగారూ, తల నొప్పెడుతుంది," అని కృపమ్మ లోపలికి వెళ్లిపోయింది.

---

లిడియమ్మ ఊరుకునే మనిషి కాదు. వెనకే వెళ్లింది.

వంటింటి చూరుకింద కృపమ్మ కత్తిపీట ముందేసుకుని కొర్రమీనును బూడిదలో దొర్లిస్తోంది. వియ్యపురాలిని చూడగానే చేతికందే దూరంలో ఉన్న పీట ముందుకు జరిపింది. లిడియమ్మ కూర్చోలేదు.

"వదినగారూ, నేను మనసులో ఒకటి దాచుకుని మాట్లాడేదాన్ని కాదు. నా అనుమానం నేను చెప్పేస్తాను. మీరు కావాలనే ఊరుకున్నారు."

"కూర్చోండి వదినగారూ."

"కూర్చోను. దోనె పాడైతే మా అమ్మాయి కదలదు. కదలకపోతే మీ ఇంట్లోనే పురుడు. అంతేనా? మొదటినుంచీ మీకు దాన్ని పంపడం ఇష్టంలేదు. ఇవాళ వీళ్లింట్లో భోజనం, రేపు వాళ్లింట్లో భోజనం అని నన్ను తిప్పుతూ రోజులు దొర్లించేశారు. వద్దంటే వద్దని మొహంమీద చెప్పొచ్చుగా!"

కృపమ్మ చేప పొలుసు గీకుతూనే ఉంది. తలెత్తలేదు. గీకడం అయ్యాక చేపను గిన్నెలో వేసి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది. ఇంత తాపీగా ఎవరైనా చేతులు కడుక్కుంటుంటే లిడియమ్మ తరగతిలో అయితే బెత్తం లేచేది.

"నేనొకటి అడగనాండి?"

"అడగండి."

"పురుడయ్యాక పిల్లని మళ్లీ పంపిస్తారాండి?"

లిడియమ్మ చూపు కత్తిపీటమీదికి మళ్లింది.

"మా ఆడపడుచు చేపలగంప ఎత్తుకుని వారం వారం ఏలూరు వస్తుంది కదండి," అంది కృపమ్మ అదే మెత్తని గొంతుతో. "మీ వీధిలోనూ అమ్ముతుంది. అక్కడ అనుకుంటున్నారట. లిడియమ్మగారి అమ్మాయి వచ్చేస్తోందట, వాళ్లమ్మ బడిలోనే ఉద్యోగం సిద్ధం చేసి పెట్టిందట, అల్లుడు కావాలంటే తానే వచ్చి ఉంటాడట, లేకపోతే లేదట."

"మీరు... ఎప్పుడు విన్నారు?"

"మీరు రాకముందేనండి."

"అయినా నన్ను అడగలేదు!"

"ఇంటికొచ్చిన చుట్టాన్ని వచ్చీరాగానే ఏమని అడుగుతామండి?"

ఆ మాట విని లిడియమ్మ పీటమీద కూలబడింది. అబద్ధమైతే దులిపేసుకునేది. అది నిజం. ఉద్యోగం మాట నిజం, బడి మేనేజరుగారితో మాట్లాడటం నిజం, నిర్మల పుట్టిపెరిగిన గదికి సున్నం వేయించడం నిజం. ట్రెయినింగు చదివిన కుర్రాడని పిల్లనిస్తే, ఏలూరులో చక్కగా పనిచేసుకోమంటే వినక, తన లంక పిల్లలకు తనే చదువు చెప్పుకుంటానని ఇక్కడికి వచ్చి కూర్చున్నాడు ఎజ్రా. ఆ కోపం లిడియమ్మకు ఈ రెండేళ్లలో చల్లారలేదు. కానీ కోపం ఒక్కటే కాదు. భర్త పోయాక ఆ ఇంట్లో తనొక్కతే. సాయంత్రం బడినుంచి వచ్చి తలుపు తీస్తే, పొద్దున తను పెట్టిన చెంబు పెట్టినచోటే ఉంటుంది. అది ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పుకోవడం ఆవిడకు చేతకాదు. పోట్లాడటమే చేతనవును.

"నిర్మలకు తెలుసా?" అంది చివరకు.

"తెలుసండి."

"ఏమంది?"

"మా అమ్మని నేనే అడుగుతాను, మీరు కల్పించుకోకండి అంది."

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అహరోను ప్రార్థన గొంతులోనే చేసేశాడు. అయినా కృపమ్మ లిడియమ్మ విస్తట్లో అడక్కుండానే మరో చేపముక్క వేసింది. వద్దనడానికి లిడియమ్మకు ఓపిక లేదు. ఒకవేళ వద్దన్నా వేసేదే.

నిర్మల తల వంచుకుని తింటోంది. అది ఎప్పుడు అడుగుతుందా అని తల్లి ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చుంది. నిర్మల అడగలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లి నడుం వాల్చింది.

"ఏమే, నాతో ఏమైనా మాట్లాడాలా?" అని లిడియమ్మే మంచం పక్కకు వెళ్లింది.

"ఇప్పుడు కాదమ్మా."

"ఇంకెప్పుడు?"

"అడగాల్సినప్పుడు అడుగుతాను."

వాళ్ల నాన్న పరమ శాంతస్వభావుడు. ఆయన పోలిక ఒక్కటైనా రాలేదేమిటి దీనికి అని లిడియమ్మ విసుక్కుంది.

---

మర్నాడు తెల్లవారేసరికి రేవులో జంటదోనె సిద్ధంగా ఉంది.

చెప్పకుండానే పనులు జరిగిపోవడం కూడా ఈ లంకలో ఒక పద్ధతి. రాత్రికి రాత్రే ఎజ్రా అవతలి మెరకకు పోయి, అక్కడి రైతు సత్తిరాజుగారి దోనె అడిగి తెచ్చాడు. తమకు మిగిలిన రెండో దోనెకు దాన్ని జతచేసి తాళ్లతో బిగించాడు. సత్తిరాజుగారి దోనె చిన్నది, పశువులకు గడ్డి తెచ్చుకునేది. బల్లకూడా సగానికి తగ్గించాల్సి వచ్చింది.

"ఇద్దరే కూర్చోవాలండి అత్తయ్యగారూ," అన్నాడు ఎజ్రా. "నేను గడ వేస్తాను. మీరూ నిర్మలా కూర్చోండి. మీ పెట్టె తర్వాత పంపిస్తాం."

"నా పెట్టె లేకుండానా?"

"బల్లమీద మూడోమనిషంత బరువు పట్టదండి. పెద్ద దోనె అయితే పట్టేది."

ఆ చివరిమాట అతను మామూలుగానే అన్నాడు. లిడియమ్మకు చెంపమీద కొట్టినట్టయింది. అయినా సరే, కదులుతున్నాం, అది చాలు అనుకుంది.

రేవులో సంఘస్థులంతా చేరారు. ఒకరు ఎండుచేపల మూట, ఒకరు బాతుగుడ్ల బుట్ట, ఒకరు పిల్లతల్లికని శొంఠి పొడి. బరువు పట్టదని ఎజ్రా మొత్తుకుంటున్నా వినరు. అలాగే అంటూనే మూటలు బల్లకింద తోస్తున్నారు. అహరోను తలగుడ్డ తీసి ప్రార్థన చేశాడు. ఈసారి అందరికీ వినబడేటట్టు చేశాడు.

ఆమేన్ అన్నాక నిర్మల నీటి అంచున ఆగిపోయింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను."

"దోనెలో అడుగుదువుగాని. ఎండెక్కుతుంది."

"ఇక్కడే అడుగుతాను. పురుడయ్యాక అయిదో నెల వచ్చేసరికి నన్నూ నా పిల్లనూ ఇక్కడికి పంపిస్తావా?"

బుట్టలో గుడ్లు సర్దుతున్న చెయ్యి ఆగింది.

పంపిస్తానే అంటే ఏం పోయింది? కూతురు దోనె ఎక్కుతుంది, ఆస్పత్రి చేరుతుంది, తర్వాతి సంగతి తర్వాత. ఎవరైనా అదే చేస్తారు. లిడియమ్మ ఆ మాట అనడానికే నోరు తెరిచింది. ఎదురుగా కూతురి కళ్లు. పసితనంలో పలక విరగ్గొట్టి, అడక్కముందే వచ్చి ఒప్పుకున్న పిల్ల. అబద్ధమాడితే అన్నం పెట్టనని చెప్పి పెంచింది తనే.

"పంపను," అంది లిడియమ్మ.

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

"నన్ను చెడ్డదాన్నంటే అనండి. నీళ్లకీ వానకీ భయపడుతూ, రోగమొస్తే దిక్కులేక, నువ్విక్కడ బతకడం నేను చూడలేను. నా దగ్గరే ఉంచుకుంటాను. అతను వస్తే రానీ. రాకపోతే..."

"అత్తయ్యగారూ," అన్నాడు ఎజ్రా. గడ పట్టుకున్న చేతి నరాలు ఉబ్బాయి.

నిర్మల వెనక్కి తిరిగి గట్టువైపు అడుగు వేసింది. అప్పుడు దానికి అడ్డం వచ్చింది కృపమ్మ.

"ఎక్కమ్మా."

"విన్నారుగా అత్తయ్యా, మా అమ్మ ఏమందో."

"విన్నాను. ఎక్కు." ఆ గొంతులో మెత్తదనం లేదు. లిడియమ్మ ఆ గొంతు ఇన్నాళ్లలో ఒక్కసారీ వినలేదు. "నా కడుపున పుట్టిన పిల్లలు ఇద్దరు ఈ నీళ్లు దాటించేవాళ్లు లేకే పోయారు. నువ్వు మాకు కనబడకుండా ఏలూరులో ఉన్నా నేను ఓర్చుకుంటాను. ఇక్కడ ఉండి నీకేమైనా అయితే ఓర్చుకోలేను. పంపిస్తే పంపిస్తారు. పంపకపోతే గంప నెత్తిన పెట్టుకుని నేనే వచ్చి చూసిపోతాను. ముందు ఎక్కు."

లిడియమ్మ తల దించుకుంది. ఇన్నాళ్లూ ఎవరిమీద అనుమానపడిందో, ఆ మనిషి ముందు నిలబడటం కష్టంగా ఉంది. ఏదో ఒకటి అనాలనుకుంది. "వదినగారూ" అని మాత్రం వచ్చింది.

నిర్మల అత్తగారి మొహం వంక చాలాసేపు చూసింది. తర్వాత, భర్త చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా దోనెలో కాలుపెట్టి బల్లమీద కూర్చుంది.

అమ్మయ్య అనుకుంది లిడియమ్మ. గొడుగు ముడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, నీళ్లలోకి దిగి ఒక కాలు పైకెత్తింది.

"నువ్వు కాదమ్మా," అంది నిర్మల.

"ఏమిటే?"

"ఇద్దరికే చోటు. అత్తయ్యా, మీరు రండి."

కృపమ్మ చేతులూపేసింది. "తప్పమ్మా, అలా అనకూడదు. కన్నతల్లి ఉండగా నేనెక్కడికి? కోతలు సగంలో ఉన్నాయి. ఇల్లు ఎవరు చూస్తారు?"

"మా అమ్మ చూస్తుంది."

"నీకు మతి గాని పోయిందా?" అంది లిడియమ్మ. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండి, పక్కనున్న అహరోను పట్టుకోకపోతే పడిపోయేదే. "నీ తొలికాన్పుకు నేను లేకుండానా? సోమవారం బడి తెరుస్తారు. నేను లేకపోతే నా ఉద్యోగం ఏం గాను?"

"మా ఆయన బడి కూడా తెరుస్తారు సోమవారం. నన్ను దింపి, ఆస్పత్రిలో నా పేరు రాయించేదాకా తోడుంటారు. ఆ నాలుగురోజులూ ఇక్కడి పిల్లలకు నువ్వు పాఠం చెప్పు. తర్వాత పాఠం చెప్తావో మానతావో నీ ఇష్టం. నేను తిరిగి వచ్చేదాకా మాత్రం ఈ లంక దాటకు."

"నన్ను తాకట్టు పెట్టుకుంటున్నావే నువ్వు!"

"నువ్వు పంపనన్నావు," అంది నిర్మల. "అబద్ధం చెప్పకుండా చెప్పావు, అందుకు నాకు గౌరవమే. కానీ నేను మళ్లీ ఇక్కడికి రావాలంటే, నువ్వు ఇక్కడ ఉండాలమ్మా. అప్పుడు అక్కడ నన్ను ఆపేవాళ్లుండరు, నువ్వు ఇల్లు చేరడానికైనా నాకు దోనె పంపిస్తావు."

అల్లుడు గడ నీళ్లలోకి దించాడు. అత్తగారి వంక చూడలేదు. అహరోను తలగుడ్డ చేతిలోనే నలుపుతున్నాడు.

కృపమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే, ఎప్పుడు దిగిందో, మోకాళ్లలోతు నీళ్లలో దోనె పక్కన నిలబడి ఉంది.

"అత్తయ్యకు ఏలూరులో ఎవరూ తెలియదు," అంది నిర్మల, చెయ్యి చాపుతూ. "మనింట్లోనే ఉంటాం. ఇంటి తాళంచెవి ఇయ్యమ్మా."

లిడియమ్మ చెయ్యి బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తిమీద పడింది. గట్టిగా పట్టుకుంది. తీయలేదు, వదల్లేదు. ఎండెక్కుతోందని ఎవరూ అనలేదు. నిర్మల చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.